గోడవైపు చెంప

బెల్టు జారింది. మోటారు గొంతు ఒక్కసారిగా తేలికై, కీచుమని, ఆగిపోయింది. చక్రం మాత్రం ఆగలేదు. ఎందుకాగుతుంది, ఇప్పుడే కదా దానికి స్వేచ్ఛ దొరికింది, ఇక తిప్పేవాడు లేడు, ఆపేవాడూ లేడు, తనలో పోసినదంతా ఖర్చయ్యేదాకా అది తన డబ్బు తాను తినే మారాజులా తిరుగుతూనే ఉంటుంది. కాటా అక్క బెల్టు జార్చిన చేతుల మసి పాత గుడ్డకు తుడుచుకుని స్టూలు మీద కూర్చుంది, కూర్చోలేక లేచింది, మళ్ళీ కూర్చుంది. బేరింగు దిమ్మె మీద స్టీలు గ్లాసు, గ్లాసులో అంచు దాటి ఉబ్బినట్టుగా నీళ్ళు. చక్రం తనంతట తాను నెమ్మదించి ఆగేలోపు ఆ గ్లాసులోంచి నీళ్ళు ఒలికితే తమ్ముడి మాట నెగ్గినట్టు. చక్రం ముక్కలై బయట నిలబడ్డ ఫౌండ్రీ లారీ ఎక్కుతుంది. నాన్న పెట్టిన దుకాణం రేపటినుంచి ఉత్త తుక్కు దుకాణం అవుతుంది, ఇనుము తూకానికి కొనడం, తూకానికి అమ్మడం. పాత మిషన్లను బతికించి మళ్ళీ పనికి పంపే ఆమె పని అక్కడితో సరి. ఒలక్కపోతే షెడ్డూ ఆమెదే, పనీ ఆమెదే, తమ్ముడు మళ్ళీ ఆ ఊసెత్తడు. అక్కాతమ్ముళ్ళ ఒప్పందానికి కాగితం లేదు, సాక్షి లేడు, ఉన్నదల్లా ఆ గ్లాసు. ఇంత ఇనుము తలరాత గుక్కెడు నీళ్ళు తేలుస్తాయి అనుకుంటే భయం వేయాలి, కానీ ఆమెకు కడుపులో చక్కిలిగింతలా ఉంది, చిన్నప్పుడు పెద్ద జారుడుబల్ల మీద కూర్చుని ఇంకా చేతులు వదలని క్షణంలోలాగా.

ఎంత ముచ్చటగా తిరుగుతోంది. మనిషెత్తుకు మించిన చక్రం, జానెడు కాదు, మూరెడు వెడల్పు అంచు. దాన్ని చక్రం అనడం కంటే పీపా అనొచ్చు అంటాడు తమ్ముడు. అంచు మీద సుద్దతో ఒక గీత గీసింది పొద్దున, ఇరుసు దగ్గర ఇంకొకటి. ఇప్పుడు గీతలు లేవు, రెండు తెల్లటి వలయాలున్నాయి, పెద్దదొకటి, చిన్నదొకటి. పెద్ద గీత ఎంత దూరం పరిగెడుతోందో, చిన్న గీత అక్కడక్కడే ఎలా తచ్చాడుతోందో, అయినా ఇద్దరూ చుట్టు పూర్తిచేసేది ఒక్కసారే. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే కూతురు దీన్ని దృఢ వస్తువు అంటుంది. అంటే ఏమిటే అని అడిగితే, లోపల ఏ రెండు చుక్కల మధ్యా దూరం ఎప్పటికీ మారనిది, అది కదిలితే అన్నీ కలిసే కదులుతాయమ్మా అంది. అయితే మన ఇల్లు దృఢ వస్తువు కాదులే అంది ఆమె, ఇద్దరూ ఫోనులో పడీపడీ నవ్వారు, అవతల కూతురి క్లాసులో పిల్లలు ఎదురుచూస్తున్నారట, చూడనీ, వాళ్ళకూ పనికొచ్చే పాఠమే. ఒకే చుట్టు, ఒకే సమయం, కానీ అంచున ఉన్నవాడికి పరుగు, నడిమిన ఉన్నవాడికి కులాసా. నాన్న బతికున్నప్పుడు ఇంట్లో నడిమిన కూర్చునేవాడు తమ్ముడు, చుట్టూ పరిగెత్తింది తను. లెక్కకు ఇద్దరి రోజూ ఒకటే రోజు, తెల్లారడమూ ఒకసారే, పొద్దుగూకడమూ ఒకసారే.

లెక్క. బజారు ఆమెను కాటా అక్క అనేది ఊరికే కాదు. ముక్క చేతికిస్తే కాటా అక్కర్లేకుండా బరువు చెబుతుంది. ముల్లు ఎటు మొగ్గుతుందో ముల్లుకంటే ముందే తెలుస్తుందని లోడింగువాళ్ళ పరాచికం. అలాంటి మనిషికి ఈ వయసులో ఒక కొత్త లెక్క దొరికింది, అదే ఆమెను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఇన్నాళ్ళూ ఇనుము అంటే ఎంత అనే ప్రశ్న ఒక్కటే. ఎంత ఉంది, ఎంతకిస్తావు. తిరిగేదానికి ఆ ప్రశ్న చాలదు. ఎక్కడ ఉంది అని అడగాలి. నడిమిన పెట్టిన మణుగు ఇనుము చక్రానికి లేనట్టే, అదే ఇనుము అంచుకు చేర్చితే దాన్ని కదపడానికి చెమటలు కక్కాలి, కదిలాక ఆపడానికీ చెమటలే. దూరం రెట్టింపైతే భారం రెట్టింపు కాదమ్మా, నాలుగింతలు అంది కూతురు. దానికో పేరు చెప్పింది, జడత్వ భ్రామకం, పేరు వింటే ఏదో ముదిరిన రోగంలా ఉందే అంది ఆమె. కానీ లోపల్లోపల ఆ మాటకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే అది ఆమెకు తెలుసు. ఒంటికి తెలుసు. నాన్న కొట్లో గుండ్రంగా తిరిగే కుర్చీ ఉండేది, ఎవరో మూసేసిన ఆఫీసునుంచి తుక్కులో వచ్చింది. నాన్న భోజనానికి వెళ్ళగానే కాటా పక్కనున్న తూకపు గుండ్లు చెరో చేతిలో పట్టుకుని ఆ కుర్చీలో కూర్చునేది తను, తమ్ముడు తిప్పి వదిలేవాడు. చేతులు చాచితే కుర్చీ పెద్దమనిషిలా నిదానంగా తిరిగేది, గుండ్లు గుండెలకు హత్తుకోగానే, అబ్బా, కొట్టు మొత్తం చారలు చారలై, తలుపేదో కిటికీయేదో తెలియక, ఎవరూ తొయ్యకుండానే ఎక్కడిదీ వేగం అని కేకలు పెట్టేది. తమ్ముడు తన వంతు వచ్చేసరికి గుండ్లు ఒద్దనేవాడు, బరువు మోస్తూ తిరగడమెందుకు, ఉట్టి చేతులతో కూర్చుంటే తేలిక కదా అని. అప్పుడూ వాడికి ఎంత అనేదే కనిపించేది.

అదిగో చక్రం మోత మారింది. ఇందాకటి సన్నటి ఈల కాదు, కాస్త బొంగురు. చాలా ఉంది ఇంకా. షెడ్డు వెనకభాగంలో పాత ట్యూబులైట్లు వణుకుతూ వెలుగుతున్నాయి, ఆ వెలుతురులో చక్రం ఆకులు మాయమైనవి ఒక్కొక్కటే తేలి, నిలబడి, ఆపైన మెల్లగా, చాలా మెల్లగా వెనక్కి తిరగడం మొదలుపెట్టాయి. తమ్ముడు గోడకానుకుని నిలబడ్డవాడు ఒక్క ఉదుటున ముందుకొచ్చి, అక్కా అది వెనక్కి తిరుగుతోందేంటి అన్నాడు. ఆమె నవ్వు ఆపుకుని, దగ్గరికెళ్ళి వేలు పెట్టి చూడు ఎటు తిరుగుతోందో తెలుస్తుంది అంది. వాడు వేలు జేబులో పెట్టుకున్నాడు. ట్యూబులైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, అది వెలిగినప్పుడల్లా ఆకు ఒకటి పాత చోటికి కాస్త ఇవతలే దొరికితే కంటికి వెనక్కి నడిచినట్టు ఉంటుంది, అంతే. కళ్ళద్దాల దుకాణం నడిపే ఆయన, అంటే ఈమె మొగుడు, కన్నంత అబద్ధాలకోరు ఇంకోటి లేదు, నా బతుకుతెరువే అది అంటాడు. తమ్ముడు మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళి, గ్లాసువైపు ఒక చూపు, లారీవైపు ఒక చూపు. చెడ్డవాడు కాదు. అలసిపోయాడు. ఆరునెలలు మిషను నిలబెట్టుకుని, విప్పి, తుడిచి, అరిగిన ముక్క ఊరంతా వెతికి తెచ్చి వేసి, చివరికి కొనేవాడు మొహం చిట్లించి వెళ్ళిపోతే వాడికి నిద్ర పట్టదు. తుక్కైతే ఏ రోజుకారోజు తెగుతుంది. వాడి లెక్కలో తప్పు లేదు. కానీ ఎంత మాత్రమే ఉన్న లెక్క అది.

ఈ చక్రం చరిత్రే తీసుకో. పాత కాగితం మిల్లులో తరమంతా తిరిగింది. పూర్తి వేగంలో పరవాలేదు, ఆపడానికి వదిలినప్పుడే, దిగుతూ దిగుతూ ఒకానొక వేగానికి వచ్చేసరికి చలిజ్వరం వచ్చినట్టు వణికేది. గోడ గచ్చు రాలేది, గడియారం మేకు ఊడి కిందపడేది, ఓ ఏడాది పునాదే చీలింది. ఎంతమంది ఫిట్టర్లు వచ్చారో. వచ్చినవాడల్లా చక్రాన్ని కొద్దిగా పైకి లేపి, దాని ఇరుసును రెండు నున్నటి పట్టాల మీద ఆనించి వదిలేవాడు, బరువెక్కువున్న వైపు దానంతటదే కిందికొచ్చి ఆగుతుంది కదా, దానికి ఎదురుగా సీసం పోసేవాడు. మళ్ళీ పట్టాల మీద వదిలితే ఎక్కడ వదిలితే అక్కడే బుద్ధిమంతుడిలా నిలబడేది. సరిపోయింది, కూలీ ఇవ్వండి. మళ్ళీ తిప్పితే మళ్ళీ జ్వరం. చివరికి మిల్లు మూసేశారు, చక్రానికి దయ్యం పట్టిందన్న పేరు మాత్రం మిగిలింది, బజారంతా దాన్ని చూసి తుక్కు ధర కూడా చెప్పడానికి వెనకాడింది. ఆమె కొన్నది. కొన్నరోజు తమ్ముడు అన్నం ముట్టలేదు. ఆమె చూసింది చక్రాన్ని కాదు, చక్రం ఉన్న చోటును. ఒక చెంప గదివైపు, ఇంకో చెంప గోడవైపు, గోడకూ దానికీ మధ్య అరచెయ్యి అడ్డంగా దూరదు. అంత సందులో ఏ ఫిట్టరు దూరతాడు. బరువు ఎక్కడుందో వాళ్ళకు పట్టాలు చెప్పాయి, ఏ చెంపన ఉందో పట్టాలు చెప్పవు. సీసం మాత్రం వచ్చినవాడల్లా గదివైపు చెంపకే పోశాడు, ఎందుకంటే చెయ్యి అందేది అటే. దాని మీద ఇంకొకడు, దాని మీద ఇంకొకడు, చెవికమ్మల మీద చెవికమ్మలు పెట్టినట్టు.

కానీ ఇదంతా కొన్ననాడు తెలిసిందా, అబద్ధమెందుకు, తెలియలేదు, ఏదో ఉందని ముక్కుకు వాసన కొట్టిందంతే. తెలిసింది వంటింటి పక్కన, బట్టలు ఉతికే మిషను దగ్గర. ఆ రోజు మందపాటి దుప్పటి ఒకటి వేసింది, అది తడిసి డ్రమ్ము అడుగున ఒక పక్కకు చేరి ముద్దయింది. పిండే వేళకు మిషను గెంతడం మొదలుపెట్టింది. ఆపి, మూత తీసి, తూకం తెలిసిన మనిషి కదా, తడి తువ్వాళ్ళన్నీ పోగేసి దుప్పటికి సరిగ్గా ఎదుటి పక్కన పెట్టింది, కాకపోతే పైన, చేతికి అందేచోట. ఇటెంతో అటంత, చేత్తో తిప్పి చూస్తే కిక్కురుమనలేదు. మీట నొక్కింది. ఇందాక గెంతిన మిషను ఇప్పుడు నడక నేర్చింది, కుడికాలూ ఎడంకాలూ వేస్తూ గుమ్మందాకా వచ్చేసింది, ఆయన పేపరు పడేసి పరిగెత్తుకొచ్చి దాన్ని రెండు చేతులా వాటేసుకుని, నన్నుగానీ ఎప్పుడైనా ఇలా పట్టుకోనిచ్చావా అంటున్నాడు, ఆయన కళ్ళద్దాలు ముక్కు మీద తాండవమాడుతున్నాయి. ఆమెకు ఆయన వినిపించలేదు. కింద దుప్పటి అటు లాగుతోంది, పైన తువ్వాళ్ళు ఇటు లాగుతున్నాయి, లాగడం సమానమే, కానీ ఒకటి కింద, ఒకటి పైన. ఆమె చేతులు తమంతట తామే సీసా మూత తిప్పుతున్నట్టు కదిలాయి, బొటనవేలు అటు, చూపుడువేలు ఇటు. కాగితం మిల్లు గోడ కళ్ళముందు నిలబడింది.

కూతురికి ఫోను చేస్తే అది ఎగిరి గంతేసింది, గంతేసిన చప్పుడు ఇక్కడికి వినిపించింది. బలయుగ్మం అమ్మా అంది. రెండు బలాలు సమానమే, ఎదురెదురే, కానీ ఒకే గీత మీద లేవు, అందుకే అవి నెట్టవు, మెలిపెడతాయి. నిలబడి ఉన్నప్పుడు పట్టాలకు కనిపించేది మొత్తం బరువు ఎటు మొగ్గుతోందన్నదే, అది సున్నా. తిరిగితేనే మెలి పుడుతుంది, వేగం రెట్టింపైతే అదీ నాలుగింతలు. తల్లీకూతుళ్ళు ఆ సాయంత్రమంతా మాట్లాడుకున్నారు, దూరాన్ని బట్టి బలానికి విలువ అన్న మాట దగ్గర ఆమెకు నాన్న పానా గుర్తొచ్చింది. తుప్పుపట్టిన నట్టు ఒకటి, లోడింగు పహిల్వాను రెండు చేతులా తిప్పినా కదల్లేదు. నాన్న ఏమీ అనకుండా పానా పిడికి పొడవాటి పైపు తొడిగి, ఏదీ నువ్వు వేలాడు అన్నాడు బక్కపిల్లను. పైపు చివర వేలాడింది. నట్టు కిర్రుమంది, ఆ చప్పుడంత తీయటి చప్పుడు తర్వాత తన పెళ్ళిలోనూ వినలేదు. పహిల్వాను మొహం చూసి నాన్న, నీకు బలముందిరా, దానికి దూరముంది అన్నాడు.

మోత ఇంకా దిగింది. లారీ దగ్గర గ్యాసు కటింగువాడు బీడీ కాలుస్తూ లోపలికి తొంగిచూస్తున్నాడు. పెరట్లో క్రేనుతో చక్రాన్ని పడుకోబెట్టిన రోజు మొదటిసారి అందరూ గోడవైపు చెంప చూశారు, పుట్టి బుద్ధెరిగాక దానికి ఎండ తగలలేదు, పోతపోసినప్పుడే ఒకచోట బుడిపెలా ఉబ్బిన ఇనుము, ఎవరూ గీకలేదు, ఎవరికీ కనబడలేదు. ఇవతలి చెంపన దానికి సరిగ్గా ఎదుటికొసన సీసం గుట్ట. ఆమె ఆ సీసమంతా కరిగించి, అదే కోణంలో, ఇరుసునుంచి అంతే దూరంలో, బుడిపె ఉన్న చెంపకే పోసి బిగించింది. మళ్ళీ పట్టాల మీద వదిలితే చక్రం ఇంతకుముందులాగే ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది. అప్పుడు అన్నాడు తమ్ముడు, నడుం మీద చేతులు పెట్టుకుని.

"అక్కా, ముందూ సరిగానే నిలబడింది, ఇప్పుడూ సరిగానే నిలబడింది. సీసం ఈ చెంప మీంచి ఆ చెంప మీదికి మార్చావు. ఇంత చాకిరీ చేసి నువ్వు చేసిందేంటంటే, దయ్యానికి పౌడరు అటునుంచి ఇటు పూశావు."

"ఒరేయ్, నిలబడ్డప్పుడు ఎవడైనా మంచివాడే. తిప్పి చూడు."

అక్కడ మొదలైంది పందెం. గ్లాసు వాడే తెచ్చాడు, నీళ్ళూ వాడే పోశాడు, ఇంకా ఇంకా అని ఉబ్బేదాకా పోశాడు, మేనకోడలికి పాలు పోస్తున్నంత ప్రేమగా.

చేతికి అందిన వైపే సీసం పోస్తారు. ఈ మాట ఆమెకు సీసం కరుగుతుండగా తట్టింది, తట్టి ఆ వేడిలో నిలబడిపోయింది. తమ్ముడు బడి ఎగ్గొట్టి ఊరు తిరిగితే నాన్న వాడిని ఏమీ అనేవాడు కాదు, వాడు దొరికితే కదా, ఇంట్లో ఎదురుగా ఉన్నది తను, నువ్వు చెప్పాలి కదే, నువ్వు సర్దుకోవాలి కదే. తను సర్దుకునేది. వాడు కోపంతో అన్నం పళ్ళెం తోసేస్తే తను ఆకలిగా లేదని వాడికి తన వాటా పెట్టేది. ఇల్లు చూసినవాళ్ళకు ముచ్చటగా ఉండేది, ఎక్కడ వదిలితే అక్కడ నిలబడే ఇల్లు. ఇల్లు కదలాల్సొచ్చినప్పుడే, నాన్న పోయినప్పుడో, దుకాణం పంపకం మాటొచ్చినప్పుడో, గచ్చు రాలేది. దాన్ని తలుచుకుంటే ఇదివరకు ఆ పూట పని ముట్టబుద్ధయ్యేది కాదు. ఇప్పుడు విచిత్రంగా హుషారొచ్చింది, జబ్బు పేరు తెలిసినవాడికి వచ్చే హుషారు. వాడూ చెడ్డ ఇనుము కాదు, తనూ కాదు, పోత పోసినప్పుడు ఉబ్బిన బుడిపె ఒకటి ఎవరికీ కనబడకుండా గోడవైపు ఉండిపోయింది, అంతే కదా. గీకొచ్చు. సరిచెయ్యొచ్చు. అటువైపు వెళ్ళి నిలబడాలి, అంతే. వాడితో చెబుదామా. ఇప్పుడు కాదు. నీళ్ళు కదులుతున్నాయా? లేదు, తన చూపు కదిలింది.

ఇప్పుడు ఆకులు పగటి వెలుతురులోనే కనిపిస్తున్నాయి, మబ్బులో విమానం రెక్కల్లా మసకగా. చక్రం గాలి ఇందాక ముఖానికి కొట్టింది, ఇప్పుడు మెడ దగ్గర వెంట్రుకలు మాత్రమే కదులుతున్నాయి. వేగం ఎక్కించేటప్పుడు, ఆ జ్వరం వేగం దాటుతుండగా, నీళ్ళు ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. ఆమె చూసింది. తమ్ముడూ చూశాడు, చూసి కనుబొమ్మ ఎగరేశాడు. అది మోటారు గుంజుడా, బెల్టు అతుకా, లేక సీసం చాలలేదా, ఆ ప్రశ్న అప్పటినుంచీ చెప్పులో రాయిలా ఉంది. ఎక్కేటప్పుడు మోటారు తరుముతుంది, చెడ్డ వీధిలోంచి బండి తోలుకుపోయినట్టు గబుక్కున దాటేస్తాం. దిగేటప్పుడు తరిమేవాడు లేడు. ఆ వీధిలోనే నింపాదిగా నడవాలి, ప్రతి గుమ్మం దగ్గరా ఆగి పలకరించుకుంటూ. పార్కు ఉయ్యాలలో తమ్ముణ్ణి ఊపేది తను, పెద్ద తోపు అక్కర్లేదు, వాడు వెనక్కి వచ్చి తిరిగి వెళ్ళబోయే క్షణం పట్టుకుని వేలితో తోసినా చాలు, ప్రతిసారీ ఆ క్షణానికే తోస్తే ఉయ్యాల కొమ్మలకు తగిలేది. ఈ నేలకూ ఒక ఊపు ఉంది, దిమ్మెకూ ఒక ఊపు ఉంది. చక్రం చుట్టు ఆ ఊపుతో కలిసిన వేగంలో, ఎంత చిన్న మెలి మిగిలున్నా, తోపు మీద తోపు, తోపు మీద తోపు. మిగిలిందా. చిటికెడు మిగిలినా చాలు. మిగిలితే రేపు పొద్దున ఈ షెడ్డుకు వచ్చి ఏం చేస్తుంది తను, కాటా పక్కన కూర్చుని ముల్లు చూస్తూ, ఎంత, ఎంత, ఎంత. లేదు, మిగల్లేదు. బుడిపెను వేలితో తడిమింది, దాని లెక్క వేళ్ళకు తెలుసు. వేళ్ళు ఎప్పుడూ మోసం చెయ్యలేదు.

వచ్చింది. చెవికంటే ముందు అరికాళ్ళకు తెలిసింది. నేల లోపల ఎక్కడో ఎవరో గొంతు సవరించుకున్నట్టు ఒక గురగుర. గోడకు వేలాడేసిన పానాలు ఒకదానికొకటి తగిలి కిటకిటలాడాయి. తమ్ముడు గోడ వదిలి వచ్చి దిమ్మె పక్కన గొంతుక్కూర్చుని కన్ను గ్లాసు అంచుకు సరిగ్గా ఆనించాడు. నీళ్ళ మధ్యలో ఒక వలయం పుట్టింది. దానిలోపల ఇంకోటి. వలయాలు అంచుకు వెళ్ళి తిరిగొచ్చి, వచ్చేవాటితో కలిసి, నీటి మీద చిన్నచిన్న గళ్ళు పరిచాయి, ఎండ ఆ గళ్ళ మీద పడి తమ్ముడి ముఖమంతా వెలుతురు పురుగులు పాకుతున్నాయి. ఉబ్బిన నీళ్ళు అంచుదాకా పోయి, అంచు మీద నిలబడి, వంగి కిందికి చూసి, వెనక్కొచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి. ఆమె స్టూలు కోడు పట్టుకుంది. రా, రా తల్లీ, దిగు, ఈ మెట్టొక్కటీ దిగు, ఎవరూ తరమడం లేదు, నీ అంతట నువ్వే దిగు. పానాల కిటకిట ఎక్కువైంది, ఎక్కువైంది, ఇక ఎక్కువ కాలేదు. ఎక్కువ కాలేదన్న సంగతి ఆమెకు ఒక ఊపిరి ఆలస్యంగా తెలిసింది. ఒక పానా ఊరుకుంది. ఇంకోటి. నీటి మీద గళ్ళు చెదిరి, వలయాలై, ఒక్క వలయమై, అదీ పోయి, షెడ్డు పైకప్పు ఆ గ్లాసులో గుండ్రంగా, చక్కగా కనిపించింది.

ఆమె లేవలేదు. లేస్తే గెంతుతుందని తెలుసు, గెంతితే నేల అదురుతుంది, ఆమె గెంతుకు నీళ్ళు ఒలికితే లోకం నవ్విపోతుంది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చక్రం ఇక ముసలాయన నడకలో పడింది, ఆకులు ఒక్కొక్కటీ వచ్చి పలకరించి వెళ్ళాయి, తెల్లటి వలయం తెగి మళ్ళీ సుద్దగీత అయింది, గీత పైకెక్కింది, ఆలోచించుకుంది, దిగింది, ఇంకోసారి సగందాకా ఎక్కి అక్కడే ఆగింది. వెనక్కి ఊగలేదు. షెడ్డులో ఇంత నిశ్శబ్దం ఉంటుందని ఆమెకు ఇన్నేళ్ళలో తెలియదు.

కటింగువాడు బీడీ పారేసి గుమ్మంలోకి వచ్చాడు. "ఏమ్మా, సిలిండరు దింపమంటారా?"

"ఉండవయ్యా" అన్నాడు తమ్ముడు, వాడివైపు చూడకుండా. దిమ్మె మీద గ్లాసు చుట్టూ వేలితో తడిమాడు. వేలు చూసుకున్నాడు. పొడిగా ఉంది. రెండోవైపు కూడా తడిమాడు, అదీ పొడే. ఆమె ఎదురుచూసింది, నువ్వే గెలిచావక్కా అంటాడని, ఒక్క మాట, తల ఊపినా చాలు. వాడు లేచి, చక్రం చుట్టూ నడిచి, అటుపక్కకు వెళ్ళి, ముందు బుడిపె మీద, తర్వాత ఎదుటికొసన సీసం మీద అరచెయ్యి ఆనించి చూశాడు. అక్కడినుంచే అన్నాడు.

"ఒక్కసారి చూస్తే ఏం తెలుస్తుంది అక్కా. బెల్టు ఎక్కించు. ఈసారి గ్లాసు ఇటువైపు దిమ్మె మీద పెట్టి చూద్దాం."

ఆమెకు మొదట ఒళ్ళు మండింది. ఒప్పందం ఒక్కసారికే, మాట మార్చడం వాడికి ఉగ్గుపాలతో అబ్బింది అనబోయింది. అప్పటికే వాడు చొక్కా చేతులు మడుస్తున్నాడు, మోటారు పక్కన కిందపడ్డ బెల్టును వంగి పట్టుకుంటున్నాడు, వాడి ముఖం ఎర్రగా, చిన్నగా, ఎవరో ఇప్పుడే కుర్చీలో కూర్చోబెట్టి గిర్రున తిప్పి దింపినట్టుగా ఉంది. ఆమె నోరు మూసుకుంది. బాగుంది బాగుంది అంటూ వెళ్ళిపోయేవాడు కొనడు, బాగాలేదని వంకలు పెట్టేవాడు ఒక్కోసారి కొంటాడు, ఏదీ మళ్ళీ ఓసారి చూపించు అన్నవాడు మాత్రం అప్పటికే కొనేసి ఉంటాడు, ఆ సంగతి వాడికి ఇంకా తెలియదు, అంతే. అలాంటప్పుడు అమ్మేవాడు మాట్లాడకూడదు. ఆమె లేచి వెళ్ళి బెల్టు రెండో పక్క పట్టుకుంది.